వలల కొట్టులో ‘వెనక్కి’ అన్న గొంతు

పోర్ట్ సయీద్ చేపల రేవు వెనక వీధిలో ఒక పాత వలల కొట్టు ఉంది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఎవరూ నడవరు. నడవక తప్పకపోతే వీధికి అవతలి పక్కన, గోడని రాసుకుంటూ, నోట్లో ఏదో చదువుకుంటూ పోతారు. కుక్క కూడా ఆ గుమ్మంలో పడుకోదంటారు. పడుకున్న కుక్కని నేను చూశాను... ఆ సంగతి చెబితే రేవులో ఎవరూ నమ్మలేదు.

పదకొండేళ్ళ కిందట, చలికాలం తుఫానులో, ఖమీస్ అనే కుర్రాడు పడవ పంకాకి చుట్టుకున్న వలని కోయడానికి నీళ్ళలోకి దిగాడు. మళ్ళీ పైకి రాలేదు. రెండో రోజు దొరికాడు. వానలో వేరే చోటు లేక ఆ రాత్రికి శవాన్ని ఆ కొట్టులోనే, తడి వలల మీద పడుకోబెట్టారు. తెల్లారాక తీసుకెళ్ళి మట్టి చేశారు.

శవాన్నయితే తీసుకెళ్ళారు గానీ... ఖమీస్ అక్కడే ఉండిపోయాడంటారు.

రెండేళ్ళ కిందట అదే వీధిలో ఒక పెళ్ళి జరిగింది. పాటగాడు మంచి ఊపు మీదున్నాడు. ఉన్నట్టుండి స్పీకర్లోంచి, పాటని పక్కకి తోసేసి, ఒక మగ గొంతు —

"వెనక్కి..."

తాళం ఆగిపోయింది.

"వెనక్కి... వెనక్కి..."

పెళ్ళికొడుకు మేనమామ కుర్చీతో సహా పడిపోయాడు. ఆ గొంతు ఖమీస్‌దేనని తెల్లారేసరికి ఊరంతా తేల్చేసింది. ఆ పెళ్ళికి స్పీకర్లు పెట్టినవాడు బిషారా. పగలు పడవల్లోని వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తాడు, సాయంత్రాలు పెళ్ళిళ్ళకి మైకులు కడతాడు. ఆ రాత్రి సామానంతా అక్కడే వదిలేసి పరుగెత్తినవాడు, మళ్ళీ ఆ వీధిలో కాలు పెట్టలేదు.

అలాంటి కొట్టు ఇన్షిరా చేతికి వచ్చింది. వచ్చింది అనకూడదు, ఆమె మీదికి విసిరారు అనాలి.

ఇన్షిరాకి నలభై దాటాయి. చిరిగిన వలలు బాగుచెయ్యడం ఆమె పని. సింసిమియ్యా వాయించడం ఆమె పిచ్చి. గుండెకి ఆనించుకుని వాయించే తీగల వాద్యం అది. ఆ ఊళ్ళో మగవాళ్ళు కాఫీ కొట్లలో గుండ్రంగా కూర్చుని దాన్ని వాయిస్తూ అర్ధరాత్రి దాకా పాడతారు. ఆడవాళ్ళు కిటికీల్లోంచి వింటారు. ఇన్షిరా వినడంతో ఆగలేదు. వలలు కుట్టే మరో నలుగురిని పోగేసింది. దరువుకి ఆడపడుచు రావియాని కూర్చోబెట్టింది. ఇస్మాయిలియాలో పండగకి పాడాలంటే శనివారం లోగా ఒక రికార్డింగ్ పంపాలన్నారు. పాడుకోవడానికి కాస్త చోటు ఇమ్మని మత్స్యకారుల సంఘానికి వెళ్ళింది.

సంఘం పెద్ద ముత్వల్లీ, పడవ నడిపించే సరంగు. ఆరడుగుల మనిషి. ఆయన సొంత మరపడవ రేవులోకెల్లా పెద్దది.

"చోటా? మీకా?" అన్నాడు ముత్వల్లీ, చుట్టూ ఉన్నవాళ్ళ వైపు చూసి కన్ను గీటుతూ. "వలల కొట్టు ఖాళీగానే ఉందిగా తల్లీ! అక్కడ పాడుకోండి. మా ఖమీస్ వింటాడు."

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇన్షిరా చెయ్యి చాచింది.

"తాళంచెవి ఇవ్వు."

నవ్వు ఆగింది.

బుధవారం రాత్రి. ఇషా నమాజు అయిపోయింది. కొట్టులో రెండు బల్బులు, ఒక ముక్కాలి పీట, మూలన పాత వలల గుట్ట, తారు వాసన. పీట ముందు మైకు, రెండు వైపులా బిషారా స్పీకర్లు. బిషారా మాత్రం లోపల లేడు.

"నేను లోపలికి రాను తల్లీ," అని ముందే చేతులు జోడించాడు. "నా సౌండు మిక్సర్ వీధి చివర పెట్టుకుంటాను. రికార్డరు కూడా నా దగ్గరే. నీకు తీగ ఎంత పొడుగు కావాలన్నా వేస్తాను గానీ... ఆ గుమ్మం దాటమనకు."

మూడు వైరు తీగలు ఒకదానికొకటి తగిలించి, ఒక కొస ఇన్షిరా చేతికిచ్చి, సింసిమియ్యాకి మోతని పట్టడానికి అతికించిన అయస్కాంతపు బిళ్ళ దగ్గర్నుంచి వీధి చివరి దాకా లాగాడు.

ఇన్షిరా శ్రుతి చేసుకుంది. బాగానే ఉంది. తీగల మీంచి చెయ్యి తీసింది.

మ్‌మ్‌మ్‌మ్...

స్పీకర్లోంచి మూలుగు. రావియా డప్పు పక్కన పెట్టేసి వదిన మొహంలోకి చూసింది. ఇన్షిరా తీగల మీద చెయ్యి వేసింది. మూలుగు తగ్గింది. తీసింది... మ్‌మ్‌మ్‌మ్... వేసింది. మౌనం.

"వదినా," అంది రావియా. "అది నీ చెయ్యి అడుగుతోంది."

"నోర్ముయ్. దరువెయ్యి."

మొదలుపెట్టారు. రెండు చరణాలు సాఫీగా సాగాయి. మూడో చరణానికి ఇన్షిరా గొంతెత్తింది —

"వెనక్కి..."

ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు... నలిగి, గీసుకుపోయి... మగ గొంతు.

"వెనక్కి... నెమ్మదిగా... వెనక్కి..."

డప్పు దొర్లిపోయింది. ఎవరి చెప్పులు ఎవరు వేసుకున్నారో, రావియాతో సహా ఆడవాళ్ళంతా గుమ్మం దాటేశారు. వీధి చివర బిషారా దీపం పడి పగిలిన చప్పుడు... ఆ వెనకే పరుగెత్తే అడుగుల చప్పుడు.

ఇన్షిరా ఒక్కతే మిగిలింది. లేచి పోదామనే అనుకుంది. ఈ మాట తర్వాత ఆమే ఒప్పుకుంది. కానీ లేవబోతుంటే ముత్వల్లీ నవ్వు గుర్తొచ్చింది. కన్ను గీటడం గుర్తొచ్చింది.

కూర్చుంది.

"ఎవరైతేనేం నువ్వు," అంది స్పీకరు వైపు తిరిగి. "నేను వెనక్కి పోను. వినాలనుంటే విను. లేదంటే నువ్వే పో."

మూడో చరణం ఎత్తుకుంది. గొంతు వెనక్కి, వెనక్కి అంటూనే ఉంది. ఆమె పాడుతూనే ఉంది. పాట అయ్యాక బల్బులు ఆర్పి, తాళం వేసి, వాద్యం చంకన పెట్టుకుని, నెమ్మదిగా నడిచి ఇంటికి వెళ్ళింది. దారిలో బిషారా వదిలేసి పోయిన రికార్డరు ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటే, దాన్ని కూడా తీసుకెళ్ళింది.

మర్నాటికి కథ రేవంతా పాకింది. టీకొట్టు ఘరీబ్, ముత్వల్లీ బావమరిది, గ్లాసులు కడుగుతూనే కేక వేశాడు.

"ఇన్షిరక్కా! సిగ్గు చచ్చినవాడికైనా ఉందే! ఆడది పాడుతుంటే వెనక్కి పొమ్మన్నాడు చూడు మా ఖమీస్!"

"నీకు లేనిది వాడికి ఉంటే మంచిదే," అంది ఇన్షిరా ఆగకుండా నడుస్తూ. కానీ ఆ మాట లోపల గుచ్చుకుంది. చచ్చినవాడు పొమ్మంటే ఏం జవాబు చెబుతుంది?

మధ్యాహ్నం ఆమె తలుపు తట్టింది ఉమ్ము ఖమీస్. ఖమీస్ తల్లి. డెబ్బై దాటిన మనిషి. నల్ల ముసుగు, చేతిలో కర్ర. ఆ పదకొండేళ్ళలో ఆమె వలల కొట్టు వైపు చూడగా ఎవరూ చూడలేదు.

"నా కొడుకు గొంతు నీ పెట్టెలో ఉందట," అంది. "వినిపించు."

ఇన్షిరా రికార్డరుని దగ్గరికి లాక్కుంది. "అత్తా... వద్దు..."

"వినిపించమన్నాను."

ముసలమ్మ రికార్డరుని చెవికి ఆనించుకుంది. ఒకసారి వింది. కళ్ళు మూసుకుంది. రెండోసారి వింది. మూడోసారి వింటుంటే ఆమె పెదాలు కదలడం ఇన్షిరా చూసింది. ఏడుస్తుందనుకుంది.

ఏడవలేదు. పెట్టెని టక్కున బల్ల మీద పెట్టింది.

"వీడు నా కొడుకు కాడు."

"అత్తా?"

"నా ఖమీస్‌కి నత్తి. పుట్టు నత్తి. 'అమ్మా' అనడానికి వాడికి మూడు సార్లు పట్టేది. ఒక్క మాట తిన్నగా అని ఎరగడు. ఆ రేవులో ఇంతమంది మగాళ్ళు వాడితో పదేళ్ళు తిరిగారు... ఒక్కడికీ గుర్తు లేదా?" కర్ర నేల మీద కొట్టింది. "పైగా నా కొడుకు బతికుండగా ఏ ఆడదాన్నీ వెనక్కి పొమ్మనలేదు. చచ్చాక అంటాడా? వాడి పేరు పెట్టుకుని ఎవడో మిమ్మల్ని తరుముతున్నాడు. మళ్ళీ ఎప్పుడు పాడతావ్?"

"రేపు... రేపే. శనివారం లోగా పంపాలి."

"ముందు వరసలో నాకు కుర్చీ వెయ్యి."

ఇన్షిరా తిన్నగా బిషారా దుకాణానికి వెళ్ళింది. ఆయన విప్పిన వైర్‌లెస్ సెట్ల మధ్య తల దించుకుని కూర్చున్నాడు.

"పారిపోయినందుకు తిట్టడానికి రాలేదు బాబాయ్," అంది. "ఒక్క సంగతి అడగాలి. తీగల మీద చెయ్యి పెడితే మూలుగు తగ్గింది, తీస్తే పెరిగింది. దెయ్యాలకి అలాంటి అలవాటు ఉంటుందా?"

బిషారా చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

"చెయ్యి పెడితే తగ్గిందా?"

"ప్రతిసారీ."

ఆయన తన నుదురు తనే కొట్టుకున్నాడు.

"నేను ముసలి గాడిదని తల్లీ! ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తూ... అది దెయ్యం కాదు, తీగ! నా పిరికితనంతో వీధి చివరి దాకా లాగిన తీగ! పెళ్ళినాడూ అంతే, మిక్సర్ ఎక్కడో సందులో పెట్టాను. అంత పొడుగు తీగ చేపల గాలంలాంటిది. గాలిలో పోయే గొంతుల్ని పట్టేస్తుంది."

"ఎవరి గొంతు?"

"ఏమో. ఎవడిదైనా కావచ్చు." బల్ల కింద అట్టపెట్టెలో చెయ్యి పెట్టి వెతికాడు. సబ్బు బిళ్ళంత నల్ల ఇనప డబ్బా ఒకటి తీశాడు. ఒక పక్క లావు కన్నం, రెండో పక్క మూడు చిన్న సూదులు, మధ్యలో గోరంత మీట. "డీఐ బాక్స్. కైరో బజార్లో కొన్నాను. రెండు కిలోల బూరీ చేపల ఖరీదు కూడా కాదు. ఇంత చవకది ఏం పని చేస్తుందిలే అని మూల పడేశాను."

"ఏం చేస్తుంది?"

"దీన్ని నీ పీట పక్కనే పెడతాను. నీ వాద్యం నుంచి దీనికి జానెడు తీగ చాలు. ఇక్కడి నుంచి ఇది నీ పాటని రెండు తీగల మీద పంపుతుంది. ఒకదాని మీద నిటారుగా, రెండోదాని మీద తలకిందులుగా. దారిలో ఏ గొంతు వచ్చి ఎక్కినా రెండిటి మీదా ఒక్కలాగే ఎక్కుతుంది. మిక్సర్ దగ్గర తలకిందులైనదాన్ని తిప్పి కలిపితే... నీ పాట రెట్టింపవుతుంది, వాడి గొంతు వాడినే కొట్టేస్తుంది."

ఇన్షిరా ఆ డబ్బాని అరచేతిలో తూచి చూసింది. బరువుగా, చల్లగా ఉంది.

"ఒక షరతు," అంది. "నువ్వు లోపలికి వస్తావు."

బిషారా సిలువ గుర్తు వేసుకున్నాడు.

"వస్తాను," అన్నాడు. "గుమ్మం దగ్గర కూర్చుంటాను... కానీ లోపలే."

శుక్రవారం రాత్రికి వీధి నిండిపోయింది. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని లోపలికి వచ్చారు. ముసలమ్మ ఆ కొట్టు గుమ్మం దాటడం చూసి వాళ్ళకీ సిగ్గేసింది, ధైర్యమూ వచ్చింది. ఉమ్ము ఖమీస్ ముందు వరసలో, స్పీకరుకి నాలుగు మూరల దూరంలో, కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. వలల గుట్ట వైపు ఒక్కసారే చూసింది. మళ్ళీ చూడలేదు.

మగవాళ్ళు గుమ్మం బయటే గుంపు కట్టారు. అందరికన్నా ముందు ఘరీబ్, చేతిలో వేయించిన గింజల పొట్లంతో.

"సరంగు రాలేదేం?" అన్నారెవరో.

"పడవ రేవుకి చేరే వేళయింది. కట్టేసి వస్తానన్నాడు. వచ్చేదాకా ఖమీస్‌ని ఆపమన్నాడు!" అన్నాడు ఘరీబ్.

నవ్వులు.

బిషారా డబ్బాని పీట పక్కన పెట్టి తీగలు తగిలించాడు. ఇన్షిరా చెయ్యి తీసింది. సన్నగా, దోమ ముసురుతున్నట్టు... ఇంకా కొంచెం మూలుగు. బిషారా వంగి, డబ్బా మీది గోరంత మీటని పక్కకి జరిపాడు.

టిక్.

మౌనం. ఎంత మౌనమంటే బయట పొట్లంలో గింజలు కదిలిన చప్పుడు వినిపించింది.

ఇన్షిరా వాయించింది. ఒక్క తీగ మీటితే గది నిండిపోయింది. శుభ్రంగా, బొమికల దాకా దిగేలా. మొదటి పాట. రెండోది. ఆ మూడో చరణం... ఆడవాళ్ళంతా స్పీకరు వైపే చూస్తున్నారు. ఇన్షిరా గొంతెత్తింది. గొంతు పైకి పోయింది. ఎవరూ వెనక్కి అనలేదు.

మూడు పాటలూ రికార్డరులోకి ఎక్కాయి. ఆడవాళ్ళు సంబరంగా నాలుక ఆడించి చేసిన కేకకి రేవు కొంగలు లేచి ఉంటాయి.

"ఆగండి, ఆగండి!" బయట నుంచి ఘరీబ్. "తల్లి వచ్చి కూర్చుంటే కొడుకు మాట్లాడతాడా? మర్యాదకి ఊరుకున్నాడు! ఆ నల్ల డబ్బాలో ఏం తాయెత్తు పెట్టారో! రేపు ముసలమ్మ రాకపోతే మళ్ళీ పొమ్మంటాడు చూసుకోండి!"

మగవాళ్ళు తలలూపారు. ఆడవాళ్ళలో కూడా ఒకరిద్దరు మొహమొహాలు చూసుకున్నారు. రికార్డింగ్ చేతికి వచ్చింది. కానీ ఈ మాట ఇలా వదిలేస్తే ఈ కొట్టుకి ఎవరు వస్తారు? ఏ తల్లి తన కూతుర్ని పంపుతుంది?

ఉమ్ము ఖమీస్ కుర్చీలోంచి లేచింది.

"బిషారా, ఆ డబ్బా పీకెయ్."

"అమ్మా...?"

"పీకి, ఆ రోజు ఎలా పెట్టావో అలాగే పెట్టు. వాడెవడో నా ఎదురుగా మాట్లాడమను."

బిషారా ఇన్షిరా వైపు చూశాడు. ఇన్షిరా తల ఊపింది.

డబ్బా తీసేశారు. పొడుగు తీగలు మళ్ళీ ఒకదానికొకటి తగిలించి గది చుట్టూ, వీధిలోకీ, మళ్ళీ లోపలికీ తిప్పారు. ఇన్షిరా తీగల మీంచి చెయ్యి తీసింది.

మ్‌మ్‌మ్‌మ్...

పిల్లలు తల్లుల ఒళ్ళోకి దూరారు. గుమ్మం దగ్గర నవ్వులు ఆగాయి. ఉమ్ము ఖమీస్ మాత్రం కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళి, స్పీకరుకి ముఖం ఆనేంత దగ్గరగా నిలబడింది.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. మూలుగే.

అప్పుడు...

"...వెనక్కి..."

రావియా ఇన్షిరా భుజం పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"వెనక్కి... ఇంకా... నెమ్మదిగా... వెనక్కి..."

ఎవరో బిస్మిల్లా అన్నారు. ఘరీబ్ చేతిలో పొట్లం జారి గింజలు గుమ్మంలో చెల్లాచెదురయ్యాయి. బయట ఇద్దరు మగవాళ్ళు అప్పటికే సందు మలుపు తిరిగారు. బిషారా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు... కానీ కదల్లేదు.

"వెనక్కి... ఆ... అంతే... ఇంకా వెనక్కి..."

గొంతు దగ్గరికి వస్తోంది. ఒక్కో మాటకీ ఇంకాస్త పెద్దదవుతోంది. ముసలమ్మ నల్ల ముసుగు ఆ హోరుకి వణుకుతోంది. ఆమె మాత్రం వణకలేదు.

"ఇంకా వెనక్కి... ఆపు... ఆపమన్నానా! ఒరేయ్ హస్సూన్! గుడ్డి వెధవా! మోకు అటు కాదురా, ఇటు! గట్టుకి గుద్దేస్తున్నావ్! కళ్ళు నెత్తి మీద పెట్టుకున్నావురా దున్నపోతా!"

రావియా ఇన్షిరా భుజం వదిలేసింది.

హస్సూన్ అనే కళాసీ రేవులో ఒక్కడే ఉన్నాడు. వాణ్ణి దున్నపోతా అని పిలిచే సరంగూ ఒక్కడే ఉన్నాడు. రోజూ ఇదే వేళకి మరపడవని వెనక్కి నడిపించి గట్టుకి కట్టించే సరంగు. చేతిలో పాత వైర్‌లెస్ పట్టుకుని, ఈ కొట్టుకి రెండు వందల అడుగుల దూరంలో.

ముందు ఎవరు నవ్వారో తెలీదు. రావియా అంటారు, బిషారా అంటారు. కానీ ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోయారు. పిల్లలు ఎందుకో తెలీకుండానే కిలకిల్లాడారు. బయట మగవాళ్ళు కూడా నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఘరీబ్ ఒక్కడే నేల మీది గింజలు ఏరుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

ఉమ్ము ఖమీస్ నవ్వలేదు. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది. రొప్పుతోంది. ఇన్షిరా పీట మీంచి లేచి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి.

"ఇక వాణ్ణి పడుకోనిస్తారు," అంది ముసలమ్మ, ఇన్షిరాకి మాత్రమే వినపడేలా. తర్వాత ముక్కు చీదుకుని, గొంతు పెంచింది. "డబ్బా పెట్టు బిషారా. పాట విందాం."

టిక్ అని మీట పడింది. స్పీకర్లో సరంగు మాయమయ్యాడు. ఇన్షిరా నాలుగో పాటకి శ్రుతి చేసుకుంటుండగా గుమ్మం దగ్గర గుంపు పక్కకి జరిగింది. తడి బూట్లతో, చేతిలో వైర్‌లెస్ సెట్టుతో, ఆరడుగుల ముత్వల్లీ లోపలికి తొంగి చూశాడు. చూసి, ఇక్కడ బాగా రక్తి కట్టిందనుకుని, కన్ను గీటాడు.

"ఏమర్రా, ఇంత జనం? ఖమీస్ మళ్ళీ మాట్లాడాడా?"

జనమంతా ముసలమ్మ వైపు తిరిగారు.

"మాట్లాడాడు," అంది ఉమ్ము ఖమీస్ తల తిప్పకుండా. "పడవ గట్టుకి గుద్దుకోలేదు కదా?"

ముత్వల్లీ చేతిలోని వైర్‌లెస్ వైపు చూశాడు. స్పీకరు వైపు చూశాడు. బావమరిది వైపు చూశాడు. ఘరీబ్ ఇంకా గింజలు ఏరుతూనే ఉన్నాడు.

"వచ్చినవాళ్ళు కూర్చోండి, లేదంటే దారి వదలండి," అంది ఇన్షిరా, మైకులోకి. "రావియా, దరువెయ్యి."